ఎవరి వాక్యం

ఆ రోజు కుర్చీలో కూర్చున్న పద్నాలుగో విద్యార్థి గుండేటి స్వరూప. అప్పటికి సాయంత్రం నాలుగైంది. పొద్దుటి నుంచీ డాక్టర్ ఇందుమతికి ఒకటే పని. తలకు పట్టీ కట్టడం, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించడం, తెర మీద అంకె వచ్చేదాకా ఎదురుచూడడం, ఆ అంకెను ఫారంలో రాసి సంతకం పెట్టడం. మనస్తత్వశాస్త్రంలో ఇరవై ఆరేళ్ళుగా పాఠాలు చెబుతున్న మనిషికి అది గుమాస్తా పనిలా తోచడం మొదలై చాలా రోజులైంది. కానీ ఆ పట్టీని కనిపెట్టింది తనే. విసుగొచ్చిందని ఎవరితో చెప్పుకుంటుంది?

దానికి ఆమె పెట్టిన పేరు స్వకీయ. విద్యార్థులు మాత్రం పట్టీ అనే అంటారు. నాలుగేళ్ళ కిందట ఆ యూనివర్సిటీకి వచ్చే డిసర్టేషన్లన్నీ ఒకే గొంతుతో మాట్లాడడం మొదలుపెట్టాయి. ఏఐతో రాయించినవేవో, పిల్లలు స్వయంగా రాసినవేవో తేల్చలేక అధ్యాపకులు తలలు పట్టుకున్నారు. అప్పుడు ఇందుమతి ప్రయోగశాలలో ఒక సంగతి బయటపడింది. మనిషి తాను కూర్చిన వాక్యాన్ని మళ్ళీ విన్నప్పుడు, అది పూర్తి కాకముందే దాని ముగింపు మెదడుకు అందుతుంది. కనురెప్ప వాలేలోపు అక్కడొక చిన్న అల లేస్తుంది. పరాయి వాక్యానికి ఆ అల లేవదు. పట్టీ ఆ అలలను లెక్కగట్టి నూటికి ఇంత అని చెబుతుంది. నలభై దాటకపోతే డిసర్టేషన్ రద్దు.

"ఎంతొచ్చింది మేడం?" అంది స్వరూప.

"ఇరవై రెండు."

ఆ అమ్మాయి ఏడవలేదు, వాదించలేదు. పట్టీ విప్పి జాగ్రత్తగా బల్ల మీద పెట్టింది. "నా డిసర్టేషన్‌ల రెండో పేజి చదివిన్రా మేడం?"

"ఏముంది అందులో?"

"ఏఐతోని ఏం పని చేయించుకున్ననో, ఏది చేయించుకోలేదో మొత్తం అండ్ల రాసిన."

"కమిటీ చూస్తుందమ్మా."

"కమిటీకి అంకె ఒక్కటే పోతదంట గద మేడం."

అది నిజమే. ఇందుమతి ఫారం మీద సంతకం పెట్టింది గానీ, ఎందుకో దాన్ని మిగతావాటితో కలిపి కట్టలో పెట్టలేదు. అదే మధ్యాహ్నం ఒకతనికి తొంభై ఒకటి వచ్చింది. పట్టీ విప్పుతూ, "సర్వే ఏ మండలంలో చేశావు?" అని మాటవరసకు అడిగితే, "చూసి చెప్తా మేడం" అన్నాడతను. ఆ జవాబు అప్పటినుంచీ ఆమెను సలుపుతూనే ఉంది. ఇందుమతి స్వరూప డిసర్టేషన్ ప్రతిని సంచీలో వేసుకుని ఇంటికి బయల్దేరింది.

బస్సులో సీటు దొరగ్గానే రెండో పేజీ తీసింది. డిసర్టేషనంతా ఇంగ్లిషులో ఉంటే ఆ ఒక్క పేజీ తెలుగులో ఉంది. చేత్తో రాసి అతికించారు.

'ఏడు ఊళ్ళలో రెండు వందల పన్నెండు బోర్ల దగ్గరికి నేనే వెళ్ళి చూశాను. నోటు పుస్తకాలూ, అధ్యాయాలూ ముందు తెలుగులోనే రాసుకున్నాను. యూనివర్సిటీ ఇంగ్లిషులోనే అడుగుతుంది కాబట్టి ఏఐతో ఇంగ్లిషు చేయించుకున్నాను. ప్రతి వాక్యాన్నీ నా తెలుగు పక్కన పెట్టి సరిచూసుకున్నాను. నేను చెప్పని మాటలు తొమ్మిది చోట్ల కలిపింది, తీసేశాను. నేను దాన్ని అడిగినవన్నీ చివర జతచేశాను. తప్పులుంటే నావే.'

ఇందుమతి చివరి పేజీలు తిప్పింది. ముప్పై ఒక్క పేజీల సంభాషణ. ఒకచోట స్వరూప ఆ యంత్రానికి ఇలా రాసింది: 'బోరు ఎండింది అని నేను రాశాను. నీళ్ళు తగ్గాయి అని నువ్వు మార్చావు. ఎండడం వేరు, తగ్గడం వేరు. తగ్గిన బోరు వాళ్ళు మోటారు అమ్ముకోరు. మళ్ళీ రాయి.'

దిగాల్సిన స్టాపు దాటిపోయిందని ఆమెకు తరువాతి స్టాపులో తెలిసింది.

మర్నాడు స్వరూపను నోటు పుస్తకాలు తీసుకుని రమ్మంది. ఏడు పుస్తకాలు, ఊరికొకటి. వానకు తడిసి ఆరిన అట్టలు. వాటిని సిమెంటు సంచీలో చుట్టుకుని తెచ్చింది స్వరూప. ఇందుమతి ఎలక్ట్రానిక్స్ విభాగం నుంచి అన్వర్ పాషాను పిలిచింది. పట్టీలో ఉన్న తీగలన్నీ తన చేత్తో అతికించింది అతనే. అందులోని ప్రతి తీగా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో కళ్ళు మూసుకుని చెప్పగలడు. నోటు పుస్తకాల్లోంచి తెలుగు వాక్యాలు ఏరి, వేరేవాళ్ళ తెలుగు వాక్యాలతో కలిపి, అతని గొంతుతోనే రికార్డు చేశారు. స్వరూపకు మళ్ళీ పట్టీ కట్టారు.

తొంభై నాలుగు.

స్వరూపను బయట కూర్చోమని, అన్వర్ తెర వంక అలాగే చూస్తుండిపోయాడు. "ఇంగ్లిష్‌ల ఇరవై రెండు, తెలుగుల తొంభై నాలుగు. ఆలోచన ఆమెదే, పని ఆమెదే. మన పట్టీ మాత్రం భాషనే పట్టుకుంటున్నది మేడం. తెలుగు మీడియం పిల్లల మీద సుత టెస్ట్ చేసిన్రు గద?"

"చేశాం. నాలుగు వందల పన్నెండు మంది. తెలుగు, ఉర్దూ, ఇంగ్లిషు, మూడు మాధ్యమాల వాళ్ళూ ఉన్నారు. రిపోర్టులో ఉంది కదా." ఆ మాటలు ఆమె నోట తడుముకోకుండా వచ్చాయి.

"నేనప్పుడు సర్క్యూట్ పని మీద హైదరాబాద్‌ల ఉంటి. మీరే చూసుకున్నరు" అన్నాడు అన్వర్. "మరి అప్పుడీ తేడా ఎందుకు కనపడలేదు?"

ఆ ప్రశ్నకు జవాబు ఆమెకు ఇంట్లో దొరికింది. మర్నాడు పొద్దున వంటింట్లో ఆమె భర్త మురహరి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు. హైస్కూల్లో లెక్కలు చెప్పి రెండేళ్ళ కిందటే పదవీ విరమణ చేశాడు. ఇప్పుడు వంట అతనిదే. ఇందుమతి టీ తాగుతూ జరిగింది చెప్పింది.

"నాలుగు వందల మందా? ఎప్పుడు?" అన్నాడు మురహరి.

"ఆ ఎండాకాలం. ఐదు ఆదివారాలు పిలిపించాం కదా."

"ఐదు ఆదివారాలు టిఫిన్ మోసుకొచ్చింది నేనే గద ఇందూ. వారానికి ఎనమండుగురో తొమ్మండుగురో. మొత్తం నలభై ఒక్క మంది. ప్లేట్లు కడిగింది సుత నేనే, నాకు తెల్వదా?" చిక్కుడుకాయ విరుస్తూ కాసేపు ఆలోచించాడు. "అందరు ఆ ఇంజినీరింగ్ హాస్టల్ పోరగాళ్ళే. ఇంకింత చట్నీ వెయ్యమనేటందుకు సుత నాతోని ఇంగ్లిషే మాట్లాడిన్రు."

ఇందుమతి చేతిలో టీ చల్లారిపోయింది.

ఆ రోజు సెలవు పెట్టి పాత ఫైళ్ళన్నీ వెతికింది. నెమ్మదిగా ఒక్కొక్కటీ గుర్తుకొచ్చింది. రిపోర్టు పంపాల్సిన గడువుకు రెండు రోజుల ముందు ఆమెకు విషజ్వరం. వీసీ గారి ఆఫీసు నుంచి గంటకొక ఫోను. అన్ని అధ్యాయాలూ రాసింది గానీ, ఎంతమంది మీద ఎలా పరీక్షించామో చెప్పే భాగం ఖాళీగా ఉండిపోయింది. నలభై ఒక్క మంది సరిపోరని, తరువాత ఇంకొంతమందిని పిలవాలని అనుకుంటూనే వచ్చింది. పడుకునే ల్యాప్‌టాప్ తెరిచి ఏఐని అడిగింది. ఆ అడిగిన మాట ఇప్పటికీ ఫైల్లో ఉంది: 'ఈ భాగం పూర్తి చెయ్యి. బలంగా ఉండాలి.'

అది పూర్తి చేసింది. బలంగానే చేసింది. నాలుగు వందల పన్నెండు మంది, మూడు మాధ్యమాలు, రెండు పట్టికలు. అందులో మూడు వందల డెబ్భై ఒక్క మంది అసలు లేనే లేరు. ఆమె ఒకసారి చదివింది. చదువుతుంటే ప్రాణానికి హాయిగా అనిపించిన సంగతి కూడా గుర్తుంది. సోమవారం అసలు లెక్కలతో సరిచేద్దామనుకుని సంతకం పెట్టి పంపింది. సోమవారం ఇంకేదో పని పడింది. ఆ తరువాత ఆ వాక్యాన్ని ఢిల్లీలో చెప్పింది, బెంగళూరులో చెప్పింది, మొత్తం పదకొండు సభల్లో చెప్పింది. చెప్పగా చెప్పగా అది జరిగిన సంగతే అయి కూర్చుంది.

మర్నాడు తొలి తరగతి మొదలుకాకముందే ప్రయోగశాల తాళం తీసి, కుర్చీలో తనే కూర్చుంది. ఇన్నాళ్ళలో తన తలకు ఆ పట్టీ ఎన్నడూ కట్టుకోలేదు. మొదట, నాలుగు వందల పన్నెండు మంది గురించిన ఆ భాగంలోని వాక్యాలు పెట్టింది. చెవిలో గొంతు మొదలైందో లేదో, వాక్యం ఎక్కడ ముగుస్తుందో లోపల ముందే తెలిసిపోతోంది.

ఎనభై తొమ్మిది.

తరువాత తన పీహెచ్‌డీ గ్రంథంలోని వాక్యాలు పెట్టింది. పెళ్ళయిన కొత్తలో, అద్దె ఇంటి మెట్ల మీద కూర్చుని మూడేళ్ళు చేత్తో రాసిన గ్రంథం అది. వింటుంటే ఎవరో తెలివైన అమ్మాయి రాసినట్టుంది. ఎప్పుడు రాసిందో, ఏమనుకుని రాసిందో ఒక్క ముక్క గుర్తు రాలేదు.

ముప్పై ఒకటి.

అన్వర్ లోపలికి వచ్చేసరికి రెండంకెలూ తెర మీద పక్కపక్కనే ఉన్నాయి. అతను తెలివైనవాడు. ఆమె నాలుగు మాటలు చెప్పగానే మిగతాది అర్థమైపోయింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు.

"మనం సొంత వాక్యం అని పట్టుకున్నది అలవాటైన వాక్యాన్ని" అన్నాడు. "బట్టీ కొట్టినోడు పాసవుతడు. రాసి మర్చిపోయినోడు ఫెయిలవుతడు. ఇంకో భాషలకు మార్పించుకున్నోడు సుత ఫెయిలే."

"అవును."

"ఇది బయటికి పోతే నాలుగేండ్ల పని గంగల కలిసినట్టే. నా ప్రమోషన్ ఫైలు వీసీ గారి బల్ల మీదున్నది మేడం."

"తెలుసు అన్వర్."

అతను స్టూలు దగ్గరికి జరుపుకున్నాడు. "ఆ పిల్లకు ప్రత్యేకంగా మినహాయింపు ఇప్పిద్దాం. రిపోర్ట్‌ల సంఖ్యను సప్పుడు గాకుండ సరిచేద్దాం. కొత్తగ ఇంకో మున్నూరు మందిని పిలిచి మెల్లగ టెస్ట్ చేద్దాం. ఎవలకు నష్టం?"

ఆ మాట ఆమెకు నిన్న సాయంత్రమే తోచింది. అంతకంటే సులువైన దారి ఇంకొకటి లేదు. ఇంత అలసిపోయిన మనిషికి సులువైన దారి ఎంత ముద్దుగా కనిపిస్తుందో కూడా ఆమెకు తెలుసు.

"ఇప్పటిదాకా నలభై లోపు వచ్చి రద్దయినవాళ్ళు అరవై మూడు మంది" అంది.

అన్వర్ లేచి, స్టూలు ఎక్కడ తీశాడో అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

వారం తరువాత కమిటీ కూర్చుంది. వీసీ గారు, రిజిస్ట్రారు, ఇందుమతి. స్వరూపను ఎదురుగా నిలబెట్టారు. కమిటీ ముందున్నది ఇందుమతి సంతకం పెట్టిన ఫారం, అందులో ఒకటే అంకె: ఇరవై రెండు. వీసీ గారు మంచి మాటకారి. స్వకీయను కొనడానికి ఇంకో ఆరు యూనివర్సిటీలు ముందుకొచ్చాయని ఆ పొద్దునే పేపర్లకు చెప్పాడు.

"చెప్పమ్మా. నీ వాదన ఏమిటి?"

"సార్, ముందుగాల ఒక తప్పు చెప్పాలె" అంది స్వరూప. "ఆరో పట్టికల ఎర్రగుంటపల్లి ఊరికి పద్నాలుగు బోర్లు ఎండినయని ఉన్నది. నేను చూసినయి పదకొండే. మిగతా మూడు ఏఐ కలిపింది. తొమ్మిది చోట్ల పట్టుకున్న గని ఇదొక్కటి నాకు దొరకలేదు. ఇచ్చిన తర్వాత మళ్ళ పుస్తకాలు ముందర పెట్టుకుని చూస్తే కనపడ్డది."

రిజిస్ట్రారు కళ్ళజోడు సర్దుకున్నాడు. "మాకెవరికీ తెలియదు కదా. నువ్వే ఎందుకు చెబుతున్నావు?"

"ఈ పుస్తకం లైబ్రరీల ఉంటది గద సార్. రేపు ఎవలన్న చూసి పద్నాలుగని రాసుకుంటరు. ఆ ఊర్ల ఉన్నయి పదకొండే."

"అయితే యంత్రంతో రాయించినట్టు ఒప్పుకుంది" అన్నాడు వీసీ గారు. "రాసుకోండి."

రిజిస్ట్రారు పెన్ను మూత తీశాడు. ఇందుమతి లేచి నిలబడింది. బల్ల అంచు పట్టుకుంది.

"సార్, ఆ అమ్మాయి తప్పు మూడు బోర్లు. నా తప్పు మూడు వందల డెబ్భై ఒక్క మంది."

జరిగిందంతా చెప్పింది. జ్వరం సంగతి చెప్పింది గానీ, దాన్ని సాకుగా చెప్పలేదు. ఏఐని తానడిగిన వాక్యాన్ని చదివి వినిపించింది. పట్టీ తన తలకు కట్టుకుంటే వచ్చిన రెండంకెలూ చెప్పింది. చెబుతున్నంతసేపూ స్వరూప ఆమె ముఖం వైపే చూస్తూ నిలబడింది.

వీసీ గారు మెత్తగా అన్నాడు. "ఇందుమతి గారూ, మీరు బాగా అలసిపోయారు. కాసేపు బయటికి వెళ్ళి టీ తాగి రండి. ఈ మాటలు ఇంకా మినిట్స్‌లో ఎక్కలేదు."

"అలసిపోయే సార్, ఆ రోజు సంతకం పెట్టింది. ఇవాళ ఎక్కించండి."

రిజిస్ట్రారు వీసీ గారి వైపు చూశాడు, ఇందుమతి వైపు చూశాడు. చివరికి రాసుకున్నాడు.

తరువాత జరిగినవన్నీ తాపీగా, ఒకదాని వెంట ఒకటి జరిగాయి. పట్టీ వాడకం ఆపేశారు. ఆరు యూనివర్సిటీలూ వెనక్కి తగ్గాయి. ఇందుమతిని శాఖాధిపతి పదవి నుంచి తీసి, విచారణ తేలేదాకా మొదటి సంవత్సరం క్లాసులు మాత్రమే చెప్పమన్నారు. అన్వర్ వేరే ఊళ్ళో ఉన్న క్యాంపస్‌కు బదిలీ పెట్టుకున్నాడు. వెళ్ళే రోజు ప్రయోగశాలకు వచ్చి తన పనిముట్ల పెట్టె తీసుకున్నాడు. తలుపు దగ్గర ఆగి, తల ఊపి వెళ్ళాడు. ఆమెకు కోపం రాలేదు. అతను అతికించిన తీగల్లో ఏ తప్పూ లేదు.

స్వరూపకు తెలుగులో వైవా పెట్టారు. ముగ్గురు అధ్యాపకులు నోటు పుస్తకాలు ముందర పెట్టుకుని గంటన్నర ప్రశ్నలు వేశారు. ఏ బోరు ఎవరిదో, ఎన్ని అడుగుల్లో రాయి తగిలిందో, ఆ రైతు తరువాత ఏం చేశాడో ఆమె చూడకుండా చెప్పింది. ఆరో పట్టిక దిద్ది, డిసర్టేషన్ ఆమోదించారు.

ఆ సాయంత్రం వరండాలో ఇద్దరూ ఎదురుపడ్డారు.

"కంగ్రాట్స్ స్వరూపా."

"థాంక్స్ మేడం." నోటు పుస్తకాల సంచీ చేయి మార్చుకుంది. "భూగర్భ జలాల సర్వేల ఒక ఉద్యోగం పడ్డది మేడం. నాకు సరిగ్గ సరిపోయేది. సర్టిఫికెట్ లేక తేదీ దాటిపోయింది."

"తప్పు నాది" అంది ఇందుమతి.

"మీరు చెప్పకపోతే ఇది సుత రాకపోవు. నాకెర్కనే." స్వరూప గొంతులో కోపం లేదు, చనువూ లేదు. "కని మేడం, మొదలే ఆ ఒక్క పేజి చదివుంటే అయిపోవు గద."

నమస్కారం పెట్టి మెట్లు దిగి వెళ్ళిపోయింది.

అరవై మూడు ఫైళ్ళూ మళ్ళీ చదివే పని ఎవరూ తీసుకోలేదు. అందరికీ సొంత క్లాసులున్నాయి, దిద్దాల్సిన పేపర్లున్నాయి. ఇందుమతి తనే అడిగి తీసుకుంది. ఇనుప బీరువాలోంచి తెచ్చి స్టాఫ్ రూంలో తన బల్ల మీద పేర్చుకుంది. యూనివర్సిటీ కొత్తగా ఒక నియమం పెట్టింది: ప్రతి విద్యార్థీ ఏఐని ఎక్కడ, ఎందుకు వాడాడో ముందే రాసివ్వాలి, దాన్ని చదివినట్టు అధ్యాపకుడు సంతకం చెయ్యాలి. ఆ ఉత్తర్వు నోటీసు బోర్డు మీద ఉంది. దాన్ని ఎంతమంది చదువుతారో ఆమెకు తెలియదు. తను మాత్రం రోజుకు ఒక ఫైలు చదవగలదు. అంతకు మించి ఓపిక లేదు.

అందరికంటే తక్కువ వచ్చినవారితో మొదలుపెట్టింది. కాసర్ల ఐలయ్య, దూరవిద్యలో చరిత్ర ఎంఏ, నలభై మూడేళ్ళు. వచ్చిన అంకె పదకొండు. ఫారం మీద తన సంతకమే ఉంది. ఫోను చేసింది. చాలాసేపు మోగాక ఎత్తారు. వెనకాల బస్సు ఇంజిను రొద.

"ఎవలు?"

"యూనివర్సిటీ నుంచి, ఇందుమతిని మాట్లాడుతున్నాను. మీ డిసర్టేషన్ రద్దు చేసింది నేనేనండీ. పరీక్ష తప్పు. మళ్ళీ చూస్తున్నాం."

అవతల ఎవరికో చిల్లర ఇస్తున్న చప్పుడు. "కండక్టర్ డ్యూటీల ఉన్న మేడం. ఆ ముచ్చటయి రెండేండ్లాయె. ఇడిచిపెట్టిన. కాగితాలు సుత ఇంట్ల ఉన్నయో లేవో."

"కాగితాలు తరువాత చూద్దాం. మీరు దేని గురించి రాశారో మీ నోటితో చెప్పండి. నేను వింటాను."

"ఇప్పుడా?"

"మీకు వీలైతే."

టికెట్ మిషను పక్కన పెట్టిన చప్పుడు. ఆపైన ఆయన గొంతు కాస్త దగ్గరగా వచ్చింది.

"రిజర్వాయర్ల మునిగిన ఊర్లు మేడం. మా రూట్ల తొమ్మిదుండె. ఊర్లు పోయినయి గని టికెట్ మిషన్ల ఆ స్టేజీల పేర్లు శాన రోజులు అట్లనే ఉండె. ముసలోళ్ళు బస్సెక్కి ఆ పేర్లే చెప్పి టికెట్ అడుగుతుండె. యాడ దిగుతవే అవ్వా అంటే, నీళ్ళ ఒడ్డుకు దించు బిడ్డా అనేటోళ్ళు. గట్ల అడిగినోళ్ళందరి కథ రాసిన."

ఇందుమతి కుర్చీ ముందుకు జరుపుకుని తెల్లకాగితం తీసుకుంది. "మొదటి ఊరు ఏది?"

"చింతలొర్రె. అండ్ల మూడు నూర్ల గడప. నాకు ముందుగాల అడిగింది సాయవ్వని ఒకామె..." అంటూనే ఆగాడు. "లైన్ల ఉండున్రి మేడం, స్టేజొచ్చింది. జనాన్ని దించి చెప్త."

"ఉన్నాను" అంది ఇందుమతి.

తలుపు తెరుచుకున్న చప్పుడు, మెట్ల మీద అడుగులు, ఎవరో పిల్ల నవ్వు, రెండుసార్లు విజిలు. బస్సు కదిలింది.

"ఆ, సాయవ్వ" అన్నాడు ఐలయ్య.

ఆమె రాసుకోసాగింది.